ఆటకు ముందు అంగడి

సినిమా చూడవచ్చునా, చూడకూడదా అన్న చర్చ మన ఇళ్లలో కొత్తది కాదు. పెద్దలు వద్దంటారు, పిల్లలు వెళ్లివస్తూనే ఉంటారు. పండుగ నమాజు చేసి, షీర్ ఖుర్మా తిని, మధ్యాహ్నానికి కొత్త బట్టలతోనే థియేటరు దారి పట్టే కుర్రవాళ్లు నరసరావుపేటలోనూ ఉన్నారు, మాచర్లలోనూ ఉన్నారు, గురజాలలోనూ ఉన్నారు. ఉన్నదాన్ని లేదనుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అయితే ఈ చర్చలో మనం ఎంతసేపూ కథ గురించి, పాటల గురించి, హింస గురించి, అశ్లీలం గురించి మాట్లాడుకుంటాము. కథ మొదలు కాకముందు, మళ్లీ విరామ సమయంలో, తెరపై వరుసగా నడిచే వాణిజ్య ప్రకటనల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. సినిమాను కోరి చూస్తాము. ప్రకటనను కోరకుండానే చూస్తాము. కోరి చూసినదానిపై కనీసం ఒక అభిప్రాయం ఏర్పరచుకుంటాము. కోరకుండా చూసినది మాత్రం ఏ ప్రశ్నా ఎదుర్కోకుండా లోపలికి వెళ్లిపోతుంది.

సినిమాపై ధర్మమీమాంస ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ఆ కొద్ది నిమిషాల్లో మన కుటుంబాలకు ఏమి అమ్ముతున్నారు, ఏ మాట చెప్పి అమ్ముతున్నారు అన్నదే మేము ఇక్కడ పరిశీలించదలచుకున్నాము. ఎందుకంటే ప్రకటన అంటే అమ్మేవాడి మాట. అమ్మేవాడి మాట విషయంలో ఇస్లాం ఎంత పట్టింపు చూపిందో తెలిసినవారు దానిని వినోదంలో భాగంగా కొట్టిపారేయలేరు.

గాజుపలకల కాలం

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. అంతకుముందు ఇదంతా గుంటూరు జిల్లాలో భాగం. పత్తి, మిరప, సున్నం, నాపరాయి ఈ ప్రాంతపు జీవనాధారాలు. పగలంతా ఎండలో పనిచేసిన మనిషికి సాయంత్రం టూరింగ్ టాకీసు గుడారమో, పట్టణంలోని సినిమాహాలో ఒక విశ్రాంతి. ఆ రోజుల్లో ఆట మొదలయ్యే ముందు తెరపై పడేవి గాజు స్లైడులు. ఒక బట్టల దుకాణం, ఒక నగల దుకాణం, ఒక ఫోటో స్టూడియో, ఒక ట్యుటోరియల్ కళాశాల, ఒక నర్సింగ్ హోం. పేరు, వీధి, బొమ్మ ఒకటి, అంతే. వాటి మధ్యలోనే పొగ త్రాగరాదనీ, ముందు సీట్లపై కాళ్లు పెట్టరాదనీ హెచ్చరికలు కూడా వచ్చేవి.

దానితోపాటు ప్రభుత్వపు చిత్రాలు కూడా ఉండేవి. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ తయారు చేసిన వార్తాచిత్రాలను, డాక్యుమెంటరీలను ప్రతి ఆటకూ ముందు ప్రదర్శించడం థియేటర్లకు దశాబ్దాలపాటు తప్పనిసరి. ఆనకట్టలు, పంటలు, టీకాలు, కుటుంబ నియంత్రణ వంటి విషయాలు పల్లెటూరి ప్రేక్షకుడికి మొదట కనిపించింది చాలావరకు ఆ తెరపైనే. ప్రేక్షకుడు విసుక్కుంటూనే చూసేవాడు. కానీ తనకు ఎవరు ఏమి చెబుతున్నారో అతనికి తెలుసు.

గాజు స్లైడులో ఒక విశేషం ఉంది. తెరపై తన దుకాణం పేరు వేయించుకున్న వ్యాపారి ఆ ఊరివాడే. బట్ట రంగు వెలిస్తే మరునాడు పొద్దున్నే ఆ దుకాణం మెట్లెక్కి అడగవచ్చు. ఆ వ్యాపారి మసీదులోనో, సంతలోనో, పెళ్లిలోనో ఎదురుపడతాడు. అతని మాటకు అతని ముఖమే పూచీ. ఆ కాలమంతా నిజాయితీమయమని మేము అనడం లేదు. మోసం అప్పుడూ ఉంది. కానీ మోసగాడిని నిలదీయడానికి ఒక చిరునామా ఉండేది.

మాట దూరమైంది

2000 తరువాత దశాబ్దంలో థియేటర్ల రూపం మారింది. రీళ్ల పెట్టెలు పోయి డిజిటల్ ప్రదర్శన వచ్చింది. యూఎఫ్ఓ, క్యూబ్ వంటి సంస్థల ద్వారా సినిమా నేరుగా థియేటరు యంత్రానికే చేరుతున్నది. ప్రకటనలు కూడా అదే దారిన వస్తున్నాయి. ఎక్కడో మహానగరంలో ఒప్పందం కుదిరితే చాలు, ఒకే ప్రకటన వందల తెరలపై ఒకేసారి నడుస్తుంది. గురజాలలో కూర్చున్న ప్రేక్షకుడికీ, ఆ వస్తువును తయారు చేసినవాడికీ మధ్య ఎన్ని చేతులు ఉన్నాయో లెక్కించడం కష్టం.

థియేటరు యజమానిది ఒక కష్టం. 2021 ఏప్రిల్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం గ్రామ పంచాయతీలలోని సాధారణ థియేటరులో అట్టడుగు తరగతి టికెట్టు ధర 5 రూపాయలు. 2022 మార్చిలో ఆ ధరలను సవరించవలసి వచ్చింది. విద్యుత్తు, జీతాలు, మరమ్మతులు పెరిగిపోతూ ఎన్నో హాళ్లు కల్యాణమండపాలుగా మారిపోయిన కాలంలో ప్రకటనల రాబడి యజమానికి ఆసరా అవుతున్నది. 2018 మార్చిలో డిజిటల్ ప్రదర్శన రుసుములపై దక్షిణాది నిర్మాతలు ఆందోళనకు దిగి కొత్త సినిమాల విడుదల నిలిపివేసినప్పుడు, తెరపై ప్రకటనల రాబడి కూడా ఆ చర్చలోకి వచ్చింది. అంటే తెరపై కథతోపాటు ప్రేక్షకుడి చూపుకు కూడా ఒక ధర ఉన్నదని ఆ రంగంలోని వారందరికీ తెలుసు. తెలియనిది ఆ చూపు గలవాడికే. టికెట్టు కొన్నది అతడు, అమ్ముడైనదీ అతడే.

ఈ అమ్మకం ఎంతసేపు సాగవచ్చు అన్న ప్రశ్న న్యాయస్థానం మెట్లు కూడా ఎక్కింది. 2023 డిసెంబరులో బెంగళూరులోని ఒక మల్టీప్లెక్సులో ‘శామ్ బహదూర్’ చిత్రం సాయంత్రం 4 గంటల 5 నిమిషాలకు మొదలు కావలసి ఉండగా, ప్రకటనలన్నీ ముగిసి 4:30కి మొదలైందని ఒక ప్రేక్షకుడు ఫిర్యాదు చేశాడు. ప్రభుత్వ సందేశాలు చూపడం తమ బాధ్యత అని పీవీఆర్ ఐనాక్స్ సంస్థ వాదించింది. 2025 ఫిబ్రవరిలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వాదనను తోసిపుచ్చి, ఫిర్యాదుదారుకు 20,000 రూపాయల పరిహారం, 8,000 రూపాయల ఖర్చులు చెల్లించాలనీ, వినియోగదారుల సంక్షేమ నిధికి లక్ష రూపాయలు జమ చేయాలనీ, టికెట్టుపై సినిమా అసలు మొదలయ్యే సమయాన్నే ముద్రించాలనీ ఆదేశించింది. మరుసటి నెలలో కర్ణాటక హైకోర్టు ఈ ఆదేశాన్ని నిలిపివేసింది. కమిషన్ తన పరిధిని దాటి, దీనిని ప్రజాప్రయోజన వ్యాజ్యంలా విచారించిందని అభిప్రాయపడింది. న్యాయపరంగా ఇది ఎటు తేలినా, ఒక సామాన్యుడు తన ఇరవై ఐదు నిమిషాలకు లెక్క అడగడం మాత్రం గమనార్హం. కాలంపై ప్రమాణం చేసి మానవుడు నష్టంలో ఉన్నాడని హెచ్చరించే సూరా అస్ర్‌ను నమాజులో చదువుకునే మనం ఆ లెక్కను అంతకన్నా ముందే అడిగి ఉండవలసింది.

పొగాకు వద్దు, యాలకులు ముద్దు

థియేటరు తెరపై కనిపించే విచిత్రాలలో ఒకటి పొగాకు వ్యవహారం. దేశంలోని పొగాకు బోర్డుకు 1976 నుంచి గుంటూరే కేంద్ర కార్యాలయం. ఒకప్పుడు సిగరెట్టు ప్రకటనలు సినిమాహాళ్లలో నిరాటంకంగా నడిచేవి. 2003లో చేసిన పొగాకు నియంత్రణ చట్టం 2004 మే 1 నుంచి అమలులోకి రావడంతో అవి ఆగిపోయాయి. 2012 అక్టోబరు 2 నుంచి, పొగాకు వాడకం చూపే సినిమాల ఆరంభంలోనూ, మధ్యలోనూ కనీసం ముప్పై సెకన్లపాటు ఆరోగ్య హెచ్చరిక చిత్రం చూపాలనే నిబంధన అమలైంది. గుట్కా వల్ల నోటి క్యాన్సరు సోకి, ఇరవై నాలుగేళ్ల వయసులో మరణించిన ముఖేష్ అనే యువకుడి చిత్రం అలా దేశంలోని ప్రతి ప్రేక్షకుడికీ పరిచయమైంది. కొందరు దానిని చూసి నవ్వుకోవడం మేము ఎరుగుదుము. నవ్వేవాడి ముందు వరుసలో గుట్కా నమిలే తండ్రి కూర్చుని ఉండవచ్చునని ఆ నవ్వుకు తెలియదు.

ఆ హెచ్చరిక ముగిసిన కొద్దిసేపటికే అదే తెరపై ఒక ప్రసిద్ధ నటుడు యాలకుల పొట్లం చేతబట్టి ప్రత్యక్షమవుతాడు. పొట్లం మీది పేరు, రంగు, అక్షరాల తీరు అన్నీ పాన్ మసాలా పొట్లానివే. మద్యానిదీ ఇదే పద్ధతి: అమ్మవలసినది సారాయి, చూపేది సోడా నీళ్లు. నిషిద్ధ వస్తువును నేరుగా చూపలేక, దానికి ముసుగు వేసి చూపే ఈ విధానాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో జారీ చేసిన మార్గదర్శకాలు నిషేధించాయి. అయినా ముసుగు పూర్తిగా తొలగిపోలేదు. మద్యం విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) దానిని పిండేవాడిని, మోసేవాడిని, అమ్మేవాడిని, కొనేవాడిని సైతం కలిపి పదిమందిని శాపగ్రస్తులుగా పేర్కొన్న హదీసు మనకు తెలుసు. తాగేవాడు ఒక్కడే దోషి కాడు, ఆ గొలుసులోని ప్రతి చేయీ దోషే అన్నది దాని భావం. ముసుగు కప్పి మద్యాన్ని ఇంటింటికీ పరిచయం చేసే చేయి ఆ గొలుసుకు బయట ఉందని ఎవరు చెప్పగలరు?

తెర దాచే మాట

ఒకనాడు మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశి వద్ద ఆగారు. రాశిలోకి చేయి పోనిచ్చి చూస్తే లోపల తడి తగిలింది. ఇదేమని అడిగితే, వాన తగిలిందని వ్యాపారి చెప్పాడు. మరి తడిసిన గింజలను పైన ఎందుకు ఉంచలేదు, జనం చూసేవారు కదా అని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసం చేసేవాడు మనవాడు కాడని స్పష్టం చేశారు. ఆ వ్యాపారి అబద్ధం ఆడలేదు. ఎండిన గింజలు పైన పెట్టాడు, తడిసినవి కింద పెట్టాడు. అంతమాత్రమే మోసమైంది.

నేటి ప్రకటన పని కూడా అదే. బంగారం తాకట్టు రుణాల ప్రకటన చూడండి. నిమిషాలలో డబ్బు, నమ్మకమైన నటుడి చిరునవ్వు, పెళ్లికూతురి ఆనందం: ఇవి పైనున్న గింజలు. గడువు దాటితే పెరిగే వడ్డీ, చివరికి వేలం: ఇవి కిందివి. పైరు మీద పెట్టుబడి పెట్టి, ధర పడిపోయి, ఇంట్లోని నగలను తాకట్టు కొట్టుకు మోసిన కుటుంబాలు పల్నాడులో ఏ వీధిలోనైనా ఉంటాయి. వడ్డీని దివ్యఖుర్ఆన్ ఎంత తీవ్రంగా నిషేధించిందో వినిపించే ఇంట్లోనే, మెహర్‌గా వచ్చిన నగ వడ్డీకి కుదువలో పడుతున్నది. అవసరం మనిషిని అక్కడికి నెడుతుంది, నిజమే. కానీ ఆ అవసరానికి దారి చూపుతున్నది ఆ నవ్వుతున్న తెర కూడా.

ఈ నేలకు అమ్మేవాడి మాట ఎంత ఖరీదైనదో అనుభవపూర్వకంగా తెలుసు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి పొలాలపై తెల్లదోమ విరుచుకుపడింది. విచ్చలవిడిగా కొట్టిన పురుగుమందులకు ఆ పురుగు లొంగకపోవడం, అప్పులు కొండలా పెరగడం, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకోవడం ఇక్కడివారు మరచిపోలేదు. ఏ మందు కొట్టాలో, ఎంత కొట్టాలో రైతుకు చెప్పినవాడు చాలాచోట్ల ఆ మందును అమ్మినవాడే. అమ్మేవాడే సలహాదారుడైతే ఏమవుతుందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

మరొక ప్రకటన మన ఆడపిల్లల ముఖం మీదికి వస్తుంది. చామనఛాయ పిల్ల దిగులుగా ఉంటుంది. లేపనం రాసుకోగానే ఉద్యోగమో, సంబంధమో కుదురుతుంది. విమర్శలు పెరిగి 2020లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ తన పేరును ‘గ్లో అండ్ లవ్లీ’గా మార్చుకున్నది. పేరు మారింది కానీ, తెల్లగా ఉంటేనే విలువ అనే భావం సమాజంలో అలాగే ఉంది. తెల్లవాడికి నల్లవాడిపై, నల్లవాడికి తెల్లవాడిపై ఆధిక్యం లేదనీ, దైవభీతి ఒక్కటే ఆధిక్యమనీ దైవప్రవక్త (స) తమ అంతిమ హజ్ సందర్భంలో ప్రకటించారు. ఆ ప్రకటనను ఏడాదికొకసారి ప్రసంగంలో వింటాము. రెండో ప్రకటనను మన అమ్మాయి వారానికి ఎన్నిసార్లు చూస్తున్నదో లెక్కపెట్టము. సంబంధాలు చూసేటప్పుడు రంగు గురించి మన ఇళ్లలో వినిపించే మాటలు ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉన్నాయో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

చట్టం ఇచ్చిన ఆయుధాలు

ఇంత జరుగుతుంటే అడిగే దిక్కే లేదా? ఉంది. ఇస్లామీయ రాజ్యాలలో ‘హిస్బా’ అనే వ్యవస్థ ఉండేది. ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరిగి తూనికలను, కొలతలను, కల్తీని తనిఖీ చేసేవాడు. నేడు ఆ పనిలో కొంత భాగాన్ని దేశ చట్టాలు చేస్తున్నాయి. వాటిని తెలుసుకోవడం మన బాధ్యత.

థియేటరులో చూపే ప్రకటన చిత్రానికి కూడా సినిమాకు మాదిరిగానే సెన్సారు ధ్రువపత్రం ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర ప్రాధికార సంస్థకు అధికారమిచ్చింది. అటువంటి ప్రకటన ఇచ్చినవారికీ, అందులో నటించి వస్తువును సమర్థించినవారికీ 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. అలా సమర్థించిన నటుడిని ఏడాదిపాటు ఏ వస్తువునూ సమర్థించకుండా నిలిపివేయవచ్చు. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు.

2022 మార్గదర్శకాలలోని మరొక నియమం మనకు ఎంతో ఉపయోగకరం. ప్రకటనలో గొప్పగా చెప్పిన మాటకు ఏదైనా షరతు ఉంటే, ఆ షరతు కూడా అదే భాషలో, అదే అక్షరాలలో ఉండాలి. అంటే తెలుగులో పెద్ద అక్షరాలతో ఆశ చూపి, అడుగున ఇంగ్లీషులో చీమ అక్షరాలతో షరతులు వేయడం కుదరదు. కొలతల్లో తగ్గించేవారికి వినాశం తప్పదని హెచ్చరించిన ముతఫ్ఫిఫీన్ సూరాను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. లాభాన్ని పెద్ద అక్షరాలతో, నష్టాన్ని చిన్న అక్షరాలతో రాయడం మాటల తూకంలో తగ్గించడమే.

ఫిర్యాదు చేయదలచినవారు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. నష్టపోయినవారు తాము నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే దానికి రుసుము కూడా లేదు. రశీదు దాచుకోవడం, ప్రకటన ఎప్పుడు, ఎక్కడ చూశామో రాసి పెట్టుకోవడం మాత్రం మరువకూడదు.

ఇంటి నుంచి మొదలు

అయితే చట్టం మోసం జరిగిన తరువాత వచ్చే వైద్యుడు. పథ్యం ఇంట్లోనే జరగాలి. పిల్లలు సినిమా చూసి వచ్చారని తెలిస్తే కోపగించుకోవడంతో మన పని ముగిసిపోదు. పక్కన కూర్చోబెట్టుకొని మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఆ ప్రకటన ఎవరు ఇచ్చారు? వారు చెప్పిన మాట ఏమిటి? చెప్పకుండా దాచిన మాట ఏమిటి? పదేళ్ల పిల్లవాడు కూడా ఈ మూడింటికీ జవాబు వెతకగలడు. ఒకసారి వెతకడం అలవాటైతే టెలివిజన్‌లోనైనా, ఫోనులోనైనా, తెర ఏదైనా అతనిని సులభంగా లొంగదీయలేదు. చీరల దుకాణానికి వెళ్లేముందు, రుణం తీసుకునేముందు, పాఠశాల ఎంచుకునేముందు అవే ప్రశ్నలు తల్లిదండ్రులూ వేసుకోవాలి.

మరొక మాట. మనలో చాలామంది స్వయంగా వ్యాపారులే. హోటళ్లు, చెప్పుల దుకాణాలు, మెకానిక్ షెడ్లు, బట్టల దుకాణాలు నడుపుతున్నవారే. మన బోర్డు మీద, మన కరపత్రం మీద, థియేటరులో వేయించే ప్రకటనలో ఏమి రాస్తున్నాము? ఏడాది పొడవునా నడిచే ‘ఆఖరి రోజు తగ్గింపు’, ముందు పెంచి తరువాత తగ్గించిన ధర, లేని అసలు నెయ్యి: ఇవన్నీ తడిసిన గింజలే. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపం దాచకుంటే వారి బేరంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (స) బోధించారు. పెద్ద కంపెనీలను విమర్శించే అర్హత, మన గల్లాపెట్టె ముందు ఈ నియమాన్ని పాటించినప్పుడే మనకు లభిస్తుంది. పల్నాటి పట్టణాలలో ఒక ముస్లిం దుకాణం బోర్డు మీది మాటను రెండోసారి అడగనక్కర లేకుండా కొనవచ్చునన్న పేరు వస్తే, అంతకు మించిన ప్రకటన ఏ తెరపైనా దొరకదు.

వినికిడి గురించి, చూపు గురించి, హృదయం గురించి ప్రతి మనిషినీ ప్రశ్నించడం జరుగుతుందని దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో హెచ్చరిస్తున్నది. అంటే మన చూపు మన సొంత ఆస్తి కాదు. అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. చీకటి హాలులో కూర్చున్న మనిషి చూపును నిమిషాల లెక్కన ఇతరులు అమ్ముకుంటున్నారు. ఆ అమానత్‌కు కాపలా కాయవలసినది మాత్రం మనమే.